మా ఒంటిపై సరిచూడని కొలతకు అనుమతి ఇవ్వవద్దు: భారత వైద్య పరిశోధన మండలికి సిరోంచ నుంచి బహిరంగ లేఖ

భారత వైద్య పరిశోధన మండలి డైరెక్టర్ జనరల్ గారికి, మహారాష్ట్ర, తెలంగాణ సరిహద్దు పల్లెల్లో జరిగే ఆరోగ్య పరిశోధనలకు అనుమతులిచ్చే ఎథిక్స్ కమిటీల అధ్యక్షులకు, సభ్యులకు నమస్కారాలు.

గడ్చిరోలి జిల్లా దక్షిణపు కొసన, ప్రాణహిత గోదావరిలో కలిసే చోట ఉన్న సిరోంచ తాలూకా నుంచి ఈ లేఖ రాస్తున్నాను. ఇక్కడ ఇళ్లలో ఎక్కువగా వినిపించేది తెలుగు, అడవి పల్లెల్లో గోండి భాషలో ఒక రూపమైన మాడియా, బడిలోనూ కచేరీలోనూ మరాఠీ. ఈ జిల్లా ప్రభుత్వ ఆసుపత్రుల రక్తపరీక్ష గదుల్లో ఉద్యోగం చేసి రిటైరైనవాడిని. మణికట్టుకు కట్టే గడియారాలు, వేలికి తగిలించే ఆక్సీమీటర్లు, చేతికి అంటించి రోజుల తరబడి చక్కెర కొలిచే పట్టీలు, దగ్గును విని క్షయను అనుమానించే ఫోన్లు, ఎక్స్‌రేను చదివే కృత్రిమ మేధ ఒకదాని వెంట ఒకటి ఆరోగ్య పరిశోధనలోకి వస్తున్న తీరును శ్రద్ధగా గమనిస్తున్నాను. నా విన్నపం ఒక్కటే. ఏ సెన్సర్‌నైనా, ఏ కృత్రిమ మేధ మోడల్‌నైనా ఈ ప్రాంతపు మనుషుల మీద, ఈ ఎండలో, ఈ రక్తంతో సరిచూసిన తరువాతే దానిని నమ్మి పరిశోధన ఫలితాలు ప్రకటించాలి. ఆ సరిచూపును మీ అనుమతి పత్రంలో తప్పనిసరి షరతుగా చేర్చండి.

ఈ పరికరాలు రావద్దని నేను కోరడం లేదు. మా వంటి చోట ఎక్స్‌రే తీసే యంత్రం దొరికినా దానిని చదివే రేడియాలజిస్టు దొరకడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో, పదిహేనేళ్లు నిండినవారిలో క్షయను జల్లెడ పట్టేందుకు ఛాతీ ఎక్స్‌రేను వైద్యుడికి బదులు కంప్యూటర్ ప్రోగ్రాం చదవవచ్చని సిఫారసు చేసినప్పుడు సంతోషించినవారిలో నేనూ ఉన్నాను. జిల్లా కేంద్రం దాదాపు 200 కిలోమీటర్ల దూరంలో ఉన్న తాలూకాకు ఆ సౌకర్యం ఎంత అవసరమో మీకు వివరించనక్కరలేదు.

పరిశోధన అంటే మా జిల్లాకు కొత్త కాదు, భయమూ లేదు. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్ 1986లో స్థాపించిన సెర్చ్ సంస్థ ఈ గడ్చిరోలి పల్లెల్లోనే చంటిపిల్లల మరణాల మీద పనిచేసింది. ఇంటి వద్దే నవజాత శిశువుల సంరక్షణ గురించి వారు చేసిన అధ్యయనం 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పోలిక కోసం ఎంచుకున్న గ్రామాలతో చూస్తే నవజాత శిశువుల మరణాలు 62 శాతం తగ్గాయని అందులో తేలింది. ఆ తరువాత దేశమంతటా ఆశా కార్యకర్తలు చేపట్టిన శిశు సంరక్షణకు ఆ పని పునాది అయింది. అంతకుముందే వారు, పిల్లల న్యుమోనియాను గుర్తించడానికి ఇసుక గడియారం, పూసలు కలిపి శ్వాసలు లెక్కించే చిన్న సాధనాన్ని తయారు చేశారు. రెండు నెలల లోపు బిడ్డ నిమిషానికి అరవై సార్లు, అంతకు పెద్దదై ఏడాది నిండని బిడ్డ యాభై సార్లు ఊపిరి తీస్తే ప్రమాదమన్నది వైద్యశాస్త్రం చెప్పిన హద్దు. అరవై దాకా లెక్కించడం రాని మంత్రసాని కూడా పూసలు జరుపుతూ ఆ హద్దును పట్టుకోగలిగేలా ఆ సాధనాన్ని రూపొందించారు. అంటే ఎవరి చేతిలో పనిచేయాలో వారిని ముందు చూసి, ఆ తరువాత పరికరాన్ని చేశారు. ఇప్పుడు వస్తున్న పరికరాలు వేరే చోట, వేరే మనుషుల కోసం తయారై, ఆ పనంతా అయిపోయాక మా వద్దకు వస్తున్నాయి. నా ఆందోళన ఇక్కడే మొదలవుతుంది.

ముందుగా ఆక్సీమీటర్ సంగతి చెబుతాను. కోవిడ్ కాలంలో అది మా పల్లెల్లో కూడా అందరికీ తెలిసిన వస్తువైంది. వేలి గుండా 660 నానోమీటర్ల ఎర్రటి కాంతిని, 940 నానోమీటర్ల పరారుణ కాంతిని పంపి, ప్రాణవాయువు ఎక్కువున్న రక్తం ఎర్రకాంతిని తక్కువగా పీల్చుకుంటుందన్న సూత్రం మీద అది పనిచేస్తుంది. అయితే మనకు కనిపించే 97, 94 వంటి అంకె నేరుగా కొలిచినది కాదు. రెండు కాంతుల నిష్పత్తిని మాత్రమే పరికరం కొలుస్తుంది. ఆ నిష్పత్తికి ఎంత శాతమో చెప్పే పట్టిక అంతకుముందే దానిలో ఉంటుంది. ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు ప్రయోగశాలలో ప్రాణవాయువు తగ్గించి ఇచ్చి, వారి ధమని రక్తాన్ని పరీక్షించి ఆ పట్టికను తయారు చేస్తారు. ఆ వాలంటీర్లలో నల్లటి చర్మం గలవారు ఎందరన్నది ఆ పట్టిక నమ్మకాన్ని నిర్ణయిస్తుంది. 2020 డిసెంబరులో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో మిచిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు ప్రకటించిన పరిశీలన ఈ సమస్యను చూపింది. ఆక్సీమీటర్ 92 నుంచి 96 శాతం చూపిస్తుండగా ధమని రక్తంలో వాస్తవంగా 88 శాతం కన్నా తక్కువ ఉన్న సందర్భాలు నల్లజాతి రోగులలో 11.7 శాతం, తెల్లజాతి రోగులలో 3.6 శాతం. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2025 జనవరిలో, ఇలాంటి పరికరాలను వివిధ చర్మఛాయల వారి మీద మరింత విస్తృతంగా పరీక్షించాలని కొత్త ముసాయిదా మార్గదర్శకాలు వెలువరించింది. ఆసుపత్రి ఆక్సీమీటర్ గురించే అక్కడ అంత చర్చ జరుగుతుంటే, గడియారం అడుగున మెరిసే ఆకుపచ్చ కాంతి గురించి మనం ఇంకా ఎక్కువగా ఆలోచించాలి. ఎందుకంటే ఆకుపచ్చ కాంతిని చర్మానికి నలుపునిచ్చే మెలనిన్ ఎర్రకాంతి కన్నా ఎక్కువగా పీల్చుకుంటుంది.

మా రక్తం గురించి ఇప్పుడు చెప్పాలి. ఉద్యోగమంతా నేను దగ్గరగా చూసినది అదే కనుక ఈ విషయంలో కొంచెం ఎక్కువ చోటు తీసుకుంటున్నాను. గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాల ఆదివాసీలలోను, ఇతర సమూహాలలోను, ఎర్రకణాలు కొడవలిలా వంగే రక్తజబ్బుకు కారణమైన సికిల్‌సెల్ జన్యువు విస్తారంగా ఉంది. ఈ దేశంలో దానిని తొలిసారి నీలగిరి ఆదివాసీలలో 1952లో గుర్తించారు. 2023 జులై 1న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన కార్యక్రమం, ఆదివాసీ ప్రాంతాలలో నలభై ఏళ్ల లోపు వయసున్న ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి ఈ జబ్బును ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలని లక్ష్యం పెట్టుకుంది. సికిల్ కణాలున్న రక్తంలో ఆక్సీమీటర్ చూపే అంకెకు, ధమని రక్తంలో కొలిచే అంకెకు తేడా రావచ్చునని వైద్యులకు చాలాకాలంగా తెలుసు.

ఇంతకన్నా లోతైన చిక్కు చక్కెర పరిశోధనలో ఉంది. గడియారం, చక్కెర పట్టీ, ఫోన్ కెమెరా వంటి వాటినుంచి మధుమేహాన్ని ముందే పసిగట్టే కృత్రిమ మేధను తయారు చేయాలంటే, ఎవరికి మధుమేహం ఉందో, ఎవరికి లేదో ముందుగా దానికి నేర్పాలి. ఆ జవాబు కోసం చాలామంది పరిశోధకులు హెచ్‌బీఏ1సీ పరీక్షను తీసుకుంటారు. రక్తంలోని ఎర్రకణాలకు అంటిన చక్కెరను కొలిచి మూడు నెలల సగటును అది చెబుతుందని మనమంతా రోగులకు వివరిస్తుంటాం. ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుందన్న లెక్క మీద ఆ మాట ఆధారపడి ఉంది. సికిల్‌సెల్ జబ్బు ఉన్నవారిలో ఆ కణాలు పది ఇరవై రోజులకే నశిస్తాయి, కాబట్టి వారికి ఆ పరీక్ష పనికిరాదు. జబ్బు లేకుండా జన్యువు ఒక్కటే మోసేవారి విషయంలో కూడా, అమెరికాలో నల్లజాతివారి మీద జరిగి 2017లో ప్రకటించిన అధ్యయనంలో, చక్కెర ఒకే మోతాదులో ఉన్నా హెచ్‌బీఏ1సీ అంకె సుమారు 0.3 శాతం తక్కువగా కనిపించింది. 6.5 శాతం దగ్గర మధుమేహమని తేల్చే పరీక్షలో 0.3 చిన్న తేడా కాదు. ఇప్పుడు మా పల్లెల్లో వందలమందికి సెన్సర్లు కట్టి, సికిల్ స్థితి అడగకుండా, హెచ్‌బీఏ1సీని సరైన జవాబుగా పెట్టి ఒక మోడల్‌ను తయారు చేశారనుకోండి. అది కొందరు చక్కెర రోగులను ఆరోగ్యవంతులుగా గుర్తించడం నేర్చుకుంటుంది. పరీక్షించేటప్పుడు కూడా అదే హెచ్‌బీఏ1సీతో పోలుస్తారు కనుక, మోడల్ నూటికి తొంభైమార్లు సరిగా చెప్పిందని నివేదిక వస్తుంది. ఆ నివేదికలో లెక్క తప్పు ఒక్కటీ ఉండదు, కానీ జబ్బు ఉన్న మనిషికి మందు అందదు. సికిల్ పరీక్ష ఖరీదైనది కాదు. జాతీయ కార్యక్రమంలో పరీక్ష చేయించుకున్నవారిలో చాలామంది చేతిలో కార్డు కూడా ఉంటుంది. ఆ కార్డు చూపమని అడిగే ఒక్క ప్రశ్న పరిశోధన పత్రంలో ఉన్నదా లేదా అని కమిటీ చూస్తే చాలు.

సంతలో పత్తి తూచే కాటాకు కూడా ప్రభుత్వం ఎప్పటికప్పుడు సరిచూసి ముద్ర వేస్తుంది. మనిషి ప్రాణం గురించి అంకె చెప్పే పరికరానికి ఆ మాత్రం సరిచూపు కావాలని అడగడం అతిశయం కాదని భావిస్తున్నాను.

ఇక ఎండ సంగతి కూడా చెబుతాను. మే నెలలో మా తాలూకాలో ఇంటిల్లిపాదీ తెల్లవారకముందే అడవికి వెళ్లి బీడీల తునికాకు కోస్తారు, మధ్యాహ్నం ఎండలో కట్టలు కడతారు. ఎండదెబ్బ గురించి సెన్సర్లతో అధ్యయనం చేయదగిన మనుషులు ఎవరైనా ఉంటే వీరే. కానీ చెమటకు గడియారం జారుతుంది, చేయి ఆగకుండా కదులుతుంటుంది, కాంతి సెన్సర్‌కు నాడి సరిగా అందదు, ఫోన్‌కు సిగ్నల్ ఉండదు. అలాంటి గంటల సమాచారాన్ని నాణ్యత లేనిదని ప్రోగ్రాం తనంతట తానే పక్కన పెట్టేస్తుంది. చివరికి మిగిలేది మనిషి నీడలో కూర్చున్నప్పటి సమాచారం. ఎక్కువ కష్టపడినవారి గంటలే ఎక్కువగా పోతాయి. థాయిలాండ్ ఆరోగ్య కేంద్రాలలో కంటి రెటీనా చిత్రాలు చదివే గూగుల్ కృత్రిమ మేధను వాడి చూసినప్పుడు ఇటువంటిదే జరిగిందని 2020లో గూగుల్ పరిశోధకులే ప్రకటించారు. ప్రయోగశాలలో బాగా పనిచేసిన ఆ ప్రోగ్రాం, అక్కడి కేంద్రాలలో తీసిన చిత్రాలలో ఐదింట ఒక వంతుకు పైగా చదవనని తిరస్కరించింది. ఆ లోపాన్ని దాచకుండా బయట పెట్టడం మెచ్చుకోదగిన పని. మన దగ్గర జరిగే ప్రతి అధ్యయనంలోనూ ఎంత సమాచారం పక్కన పెట్టారో, అది ఏ పనివారిదో, ఏ ఊరిదో, ఏ నెలదో ప్రకటించాలని మీరు నిర్దేశించాలి. సంక్రాంతి తరువాత మిరప కోతలకు మా మనుషులు నది దాటి భూపాలపల్లి, వరంగల్, ఖమ్మం వైపు వెళ్లిపోతారు. ఆ నెలల్లో వారు అధ్యయనం నుంచి తప్పుకున్నారని రాస్తున్నారు. వారు తప్పుకోలేదు, కూలికి వెళ్లారు. వెళ్లినవారికి, ఊళ్లో ఉండిపోయినవారికి ఆరోగ్యంలో తేడా ఉంటుంది. ఉన్నవారి సమాచారంతోనే తయారైన మోడల్‌కు వెళ్లినవారి గురించి ఏమీ తెలియదు.

సరిహద్దు జిల్లా కావడం వల్ల వచ్చే చిక్కు మరొకటి ఉంది. దూరం నుంచి చూసేవారికి ఇది సులభంగా కనిపించదు. జబ్బు ముదిరితే మేము గడ్చిరోలికో చంద్రపూర్‌కో వెళ్లడం తక్కువ. వంతెన దాటితే కాళేశ్వరం, అక్కడి నుంచి వరంగల్, కరీంనగర్, మరోవైపు మంచిర్యాల. భాష కలుస్తుంది, దారి దగ్గర, బంధువులు ఉంటారు. కానీ తెలంగాణ ఆరోగ్యశ్రీ మాకు వర్తించదు. చేతి డబ్బుతో ప్రైవేటు ఆసుపత్రిలో చూపించుకుని, చీటీ సంచిలో పెట్టుకుని తిరిగివస్తాం. మహారాష్ట్ర రికార్డులో ఆ మనిషి ఆ ఏడాది ఆసుపత్రికే వెళ్లలేదు. తెలంగాణ ప్రభుత్వ రికార్డులో ఆ మనిషే లేడు. జిల్లా ఆసుపత్రి రికార్డుల మీద శిక్షణ ఇచ్చిన కృత్రిమ మేధ, సిరోంచలో గుండెజబ్బులు తక్కువ, మూత్రపిండాల జబ్బులు తక్కువ అని చెబితే దాని లెక్కలో తప్పు లేదు, ఆ రికార్డు అలాగే ఉంది. 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అమెరికా పరిశీలన ఇటువంటి పొరపాటునే పట్టుకుంది. ఎవరికి అదనపు వైద్యసాయం కావాలో నిర్ణయించే ఒక ప్రోగ్రాం, జబ్బు తీవ్రతకు బదులు చికిత్సకు అయిన ఖర్చును కొలబద్దగా తీసుకుంది. నల్లజాతివారి మీద అయ్యే ఖర్చు తక్కువ కనుక వారు తక్కువ జబ్బుతో ఉన్నారని అది తేల్చింది. ఆ తేడాను సవరిస్తే అదనపు సాయం అందాల్సినవారిలో నల్లజాతివారి వాటా 17.7 నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని పరిశోధకులు లెక్కగట్టారు. ఖర్చు ఉన్న చోట ఆసుపత్రి రాకపోకలను పెట్టి చూస్తే మా తాలూకా పరిస్థితి అర్థమవుతుంది. రేపు ఆ మోడల్ చెప్పిన ప్రకారం డయాలసిస్ యంత్రం ఎక్కడ పెట్టాలో, డాక్టర్ పోస్టు ఎక్కడ నింపాలో నిర్ణయిస్తే, అవసరం ఉన్న చోటికి అవి రావు. అందువల్ల సరిహద్దు తాలూకాలలో రికార్డుల మీద ఆధారపడే ఏ పరిశోధన అయినా ముందుగా కొన్ని ఊళ్లలో ఇంటింటికీ తిరిగి, ఎవరు ఎక్కడ చికిత్స చేయించుకున్నారో అడిగి, రికార్డుకు, వాస్తవానికి ఉన్న దూరాన్ని కొలవాలి. 2021లో మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఆరోగ్య సంఖ్య రెండు రాష్ట్రాల చీటీలను కలపగలదు, కానీ చేతితో రాసిన చీటీ అందులోకి దానంతటది చేరదు.

సమ్మతి పత్రాల విషయం క్లుప్తంగా చెబుతాను. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం, సమాచారం ఇచ్చే వ్యక్తి నోటీసును ఇంగ్లిషులో గాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషలలో దేనిలో గాని కోరుకోవచ్చు. తెలుగు ఆ 22లో ఉంది, గోండి లేదు, కాబట్టి మాడియా మాట్లాడేవారికి చట్టం ఏమీ ఇవ్వలేదు. తెలుగువారికి కూడా తెలుగులో అచ్చు వేసిన కాగితం ఇక్కడ చాలదు. మా పిల్లలు మరాఠీ బడుల్లో చదువుకున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడినా తెలుగు లిపి చదవలేనివారే ఎక్కువ, మరాఠీ చదవగలిగినా వైద్య విషయం ఆ భాషలో లోతుగా అర్థం కానివారూ ఎక్కువే. కొన్నేళ్ల క్రితం మా వైపు జరిగిన ఒక అధ్యయనంలో, గడియారం కట్టించుకున్న ఒక తల్లి నా దగ్గరికి వచ్చి అందులో అంకె తగ్గితే ఎవరికి చెప్పాలని అడిగింది. ఆ సంగతి పత్రంలో ఉంది, ఆమె వేలిముద్ర కూడా ఉంది, ఆమెకు మాత్రం ఎవరూ చదివి వినిపించలేదు. మీ మండలి 2017 మార్గదర్శకాలు పాల్గొనేవారికి అర్థమయ్యే భాషలోనే సమ్మతి తీసుకోవాలని, చదువురానివారి విషయంలో సాక్షి ఉండాలని చెబుతున్నాయి. సిరోంచలో దీనికి అర్థం, ఇక్కడి తెలుగులోనూ మాడియాలోనూ నోటితో చెప్పిన వివరణను రికార్డు చేసి, ఇంట్లో నలుగురు కూర్చుని మళ్లీ వినేందుకు వీలుగా ఇవ్వడమే. ఆశా కార్యకర్తకు ఈ పని అప్పగిస్తే దానికి వేరుగా డబ్బు ఇవ్వండి.

అదే చట్టం, పరిశోధన కోసం వాడే సమాచారాన్ని, దానితో ఆ వ్యక్తి గురించే నిర్ణయం తీసుకోనంత వరకు, నిర్ణీత ప్రమాణాలకు లోబడి తన పరిధి నుంచి మినహాయించింది. పరిశోధనకు ఆ వెసులుబాటు అవసరమేనని ఒప్పుకుంటాను. కానీ దాని వల్ల, మా సమాచారానికి మిగిలిన కాపలా దాదాపుగా మీ కమిటీ ఒక్కటే అవుతోంది. మీ సంతకం మీద మాకున్న ఆధారం అంత పెద్దది.

మీ మండలి 2023లో వైద్య పరిశోధనలో కృత్రిమ మేధ గురించి ప్రత్యేకంగా నైతిక మార్గదర్శకాలు ప్రకటించింది. భద్రత, సమానత్వం, వివక్ష లేకపోవడం, ఫలితాల ప్రామాణికత వంటి సూత్రాలను అందులో స్పష్టంగా చెప్పారు. వాటిని నేను పూర్తిగా సమర్థిస్తున్నాను. అయితే సూత్రం అనుమతి పత్రంలో ఒక షరతుగా మారనంత వరకు పల్లెలో దానికి రూపం ఉండదు. సరిచూపు ఎలా జరగాలో కూడా నా అనుభవం మేరకు సూచిస్తాను. ఆరోగ్యంగా ఉన్నవారి ధమనిలో సూది గుచ్చమని నేను అనను, అది నొప్పి, ప్రమాదం కూడా. చంద్రపూర్ ప్రభుత్వ వైద్య కళాశాల వంటి చోట చికిత్సలో భాగంగా ఎలాగూ ధమని రక్తపరీక్ష జరిగే మా జిల్లాల రోగులకు, వారి సమ్మతితో, అదే క్షణంలో అధ్యయనపు సెన్సర్ తగిలించి రెండు అంకెలను పక్కపక్కన రాసుకోవచ్చు. చర్మఛాయ, హిమోగ్లోబిన్, సికిల్ స్థితి ఆ వరుసలోనే నమోదు చేయాలి. చక్కెర అధ్యయనాలలో సికిల్ జన్యువు ఉన్నవారికి హెచ్‌బీఏ1సీకి బదులు గ్లూకోజ్ తాగించి చేసే పరీక్షను ప్రమాణంగా తీసుకోవాలి. ఎక్స్‌రే చదివే ప్రోగ్రాంకు, ఇక్కడి క్షయ రోగుల ఎక్స్‌రేలతో, వారి కఫ పరీక్ష ఫలితాలతో పోల్చి, అనుమానించే హద్దును ఇక్కడికి తగినట్టు నిర్ణయించాలి. ఈ పని మొదటి మూడు నాలుగు నెలలలో పూర్తిచేసి, ఫలితం కమిటీకి చూపిన తరువాతే మిగతా అధ్యయనం సాగాలి. తేడా ఎక్కువగా ఉందని తేలితే అధ్యయనాన్ని ఆపే అధికారం మీకు ఉంది, దానిని వాడండి.

దీనివల్ల ఖర్చు, ఆలస్యం పెరుగుతాయని పరిశోధకులు అంటారు. కొంత పెరుగుతుంది. నిధులిచ్చేవారు ఆ ఖర్చును బడ్జెట్‌లో మొదటినుంచే చూపాలని మీరు అడిగితే అది ఎవరికీ భారం కాదు. పరికరం మీద పెట్టే డబ్బుతో పోలిస్తే సరిచూపుకు అయ్యేది కొంతే.

ఈ ఏడాది మీ ముందుకు వచ్చే దరఖాస్తులలో గడ్చిరోలి, చంద్రపూర్, యవత్‌మాల్, నాందేడ్ జిల్లాల పేర్లు ఉన్నవాటిని వేరుగా తీసి, పైన చెప్పిన షరతులు వాటిలో ఉన్నాయో లేదో పరిశీలించమని ప్రార్థిస్తున్నాను. అనుమతి ఇచ్చిన ప్రతి అధ్యయనం పత్రం నకలును, సరిచూపు ఫలితంతో సహా, ఆయా గ్రామ పంచాయతీలకు పంపించండి. గ్రామసభలో దానిని తెలుగులో, మాడియాలో చదివి వినిపించే బాధ్యత తీసుకోవడానికి నేను, నాతో పనిచేసి రిటైరైన మిత్రులు సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
మీ విధేయుడు,
రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్,
సిరోంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా